సీటు ఇచ్చారు సరే, పని ఎవరు నేర్పుతారు? ఒక విశ్వవిద్యాలయ కార్యాలయంలో బుధవారం తరగతులు

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ రిజిస్ట్రార్‌ని. జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, 26 ఏళ్లలో దాదాపు ప్రతి సెక్షన్‌లోనూ పనిచేశాను. గత ఏడాదిన్నరగా మా బోధనేతర సిబ్బంది కోసం ఒక శిక్షణ నడుపుతున్నాం. అందులో ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నది ఇతర విశ్వవిద్యాలయాల్లో ఇదే పనిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఇదంతా ఒక ఫైల్‌తో మొదలైంది.

మా దగ్గర డిగ్రీ చదివిన ఒక అమ్మాయికి అమెరికాలో ఎంఎస్‌కి సీటొచ్చింది. ట్రాన్‌స్క్రిప్టులు, అంటే మార్కుల పట్టికలు, మేం సీల్డ్ కవర్‌లో పంపాలి. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఆమె ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. తెలుగువాళ్ల పేర్లతో మాకు రోజూ ఎదురయ్యే తంటా ఇది. ఇంటిపేరు ముందు రాసి దాన్ని పొడి అక్షరం చేసేస్తాం. పాస్‌పోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడి వచ్చేసరికి పూర్తిగా రాయక తప్పదు. అక్కడి నుంచి రెండు కాగితాల్లో రెండు పేర్లు. ఆ పిల్ల పేరు సవరించమని దరఖాస్తు పెట్టుకుంది. మొదటిసారి 'అఫిడవిట్ జతపరచవలెను' అని వెనక్కి పంపాం. అది తెచ్చాక 'గెజిట్ ప్రకటన జతపరచవలెను' అన్నాం. మూడోసారి 'తగు ఆధారములతో తిరిగి సమర్పించవలెను' అన్నాం.

నాలుగోసారి వాళ్ల నాన్న రాత్రి బస్సెక్కి వచ్చాడు. కౌంటర్ తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డర్. "అయ్యా, ఏ కాగితం తేవాలో ఒక్కసారే రాసివ్వండి, తెస్తాను" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నేను ఫైల్ తెప్పించుకుని అక్కడే విప్పి చూశాను. పదో తరగతి మెమో కాపీ మొదటి రోజు నుంచీ ఫైల్‌లోనే ఉంది. అందులో ఇంటిపేరు పూర్తిగా, స్పష్టంగా ఉంది. ప్రవేశాల సమయంలో మా రిజిస్టర్‌లో దాన్ని పొడి అక్షరం చేసి ఎక్కించింది మేమే. నాలుగు బల్లలు దాటిన ఫైల్‌లో ఆ మెమోని ఎవరూ చదవలేదు.

పేరు సవరణల సీటు, అంటే ఆ ఫైళ్ల బాధ్యత, చూసే జూనియర్ అసిస్టెంట్‌ని పిలిచాను. కోపంగానే పిలిచాను. ఆమె తలొంచుకుని, "సార్, ఈ సీటుకొచ్చి నాలుగు నెలలే అయింది. ముందున్నాయన ఎలా రాసేవారో పాత ఫైళ్లలో చూసి అలాగే రాస్తున్నాను" అంది. ఈ జూనియర్ అసిస్టెంట్ నాన్నగారు మా దగ్గరే సీనియర్ అసిస్టెంట్‌గా చేస్తూ చనిపోయారు. ఆమెది కారుణ్య నియామకం. చేరిన రోజు జాయినింగ్ రిపోర్టు రాయించుకుని, బీరువా తాళాలూ, ఆ సీటుకొచ్చే కాగితాలు నమోదుచేసే పర్సనల్ రిజిస్టరూ చేతికిచ్చి, 'ఇదీ నీ సీటు' అన్నారు. ఆమెకు దొరికిన శిక్షణ అంతవరకే. నేను చేరినప్పుడూ అంతే. ఆ మాట గుర్తొచ్చాక ఆమె మీద కోపం నిలవలేదు.

అవకాశాలు ఎవరికి ఉన్నాయి

అధ్యాపకుల శిక్షణకు ఒక వ్యవస్థ ఉంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. 2015లో అవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి, 2023 నుంచి అధ్యాపక శిక్షణ కోసం పెట్టిన మాలవీయ మిషన్ కిందికి వచ్చాయి. ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు చేస్తే పదోన్నతికి లెక్కలోకి వస్తాయి. అందుకే ఎంత పనున్నా వెళ్తారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు బాపట్లలో ఆంధ్రప్రదేశ్ మానవ వనరుల అభివృద్ధి సంస్థ, హైదరాబాద్‌లో మర్రి చెన్నారెడ్డి సంస్థ ఉన్నాయి. కేంద్రం 2020లో ప్రభుత్వోద్యోగుల శిక్షణకు మిషన్ కర్మయోగి తెచ్చి, ఆన్‌లైన్ కోర్సులకు ఐగాట్ పోర్టల్ పెట్టింది. మేం వీటి మధ్య సందులో ఉన్నాం. విశ్వవిద్యాలయం స్వయంప్రతిపత్తి సంస్థ కాబట్టి ప్రభుత్వ శాఖల నామినేషన్లలో మా పేర్లు రావడం అరుదు. వచ్చినా ఆ అవకాశం డిప్యూటీ రిజిస్ట్రార్ స్థాయిలోనే ఆగిపోతుంది. జూనియర్ అసిస్టెంట్‌కి, రికార్డ్ అసిస్టెంట్‌కి, ల్యాబ్ అటెండర్‌కి మిగిలేది పదోన్నతి కోసం రాసే డిపార్ట్‌మెంటల్ టెస్ట్ ఒక్కటే.

శిక్షణలు అసలు జరగలేదని కాదు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతకు గ్రేడు ఇచ్చే నాక్ మదింపులో ఆరో ప్రమాణం కింద, బోధనేతర సిబ్బందికి ఎన్ని శిక్షణ కార్యక్రమాలు పెట్టారో చూపించాలి. అందుకని నాక్ బృందం వచ్చే ముందు ఏడాదిలో ఒకరోజు వర్క్‌షాపులు వరసగా జరిగేవి. సెమినార్ హాల్లో బ్యానర్, దీప ప్రజ్వలన, 'ఒత్తిడిని జయించడం ఎలా' అని ఒక ప్రసంగం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. వాటిలో నాలుగైదు నేనే ఏర్పాటు చేశాను. ఆ ఫొటోలన్నీ నాక్ ఫైల్‌లో భద్రంగా ఉన్నాయి. పేరు సవరణ ఫైళ్లు మాత్రం అలాగే తిరుగుతూ ఉన్నాయి.

బుధవారం గంటన్నర

రిజిస్ట్రార్ గారికి నేను పెట్టిన ప్రతిపాదన చిన్నది. బయటి వక్తలు వద్దు, బడ్జెట్ వద్దు. వారానికి గంటన్నర సమయం, ఒక గది ఇస్తే చాలు. సోమవారం కౌంటర్ల దగ్గర రద్దీ, నెలాఖరులో జీతాల బిల్లులు. అందుకే బుధవారం మధ్యాహ్నం 3 నుంచి 4.30 వరకు అనుకున్నాం. పరీక్షలు, అకడమిక్, అకౌంట్స్ సెక్షన్ల నుంచి 26 మందితో మొదలైంది.

మొదట అడ్డుపడిన విషయం పాఠాలకు సంబంధించింది కాదు. "నేను ఇక్కడ కూర్చుంటే అక్కడ నా సీటు ఎవరు చూస్తారు?" అన్నదే అందరి ప్రశ్న. అది సాకు కాదు, నిజమైన టెన్షన్. తిరిగి వెళ్లేసరికి టపా పేరుకుపోతుంది, ఎవరో వచ్చి ఎదురుచూస్తుంటారు, పైనుంచి ఫోన్ వస్తుంది. కాబట్టి పాఠాల కన్నా ముందు ఇన్‌ఛార్జ్ చార్ట్ తయారుచేశాం. ప్రతి సీటుకూ ఆ పని తెలిసిన రెండో మనిషి ఒకరు ఉండాలి. అందరినీ రెండు బ్యాచ్‌లు చేసి, ఒక బ్యాచ్ తరగతిలో ఉంటే రెండోది సీట్లు చూసేలా పెట్టాం. రిజిస్ట్రార్ గారు సర్క్యులర్ ఇచ్చారు. ఈ చార్ట్ వేయడానికే ఆరు వారాలు పట్టింది, ఎందుకంటే చాలా సీట్లకు రెండో మనిషి లేనే లేడు. పక్క సీటు పని నేర్చుకోవడమే మా మొదటి శిక్షణ అయింది. దీని మేలు తర్వాత తెలిసింది. ఒక సీనియర్ అసిస్టెంట్ ఆపరేషన్ చేయించుకుని రెండు నెలలు సెలవులో ఉంటే, ఆయన ఫైళ్లు ఒక్కటి కూడా బీరువాలో చిక్కుకుపోలేదు.

తరగతి పద్ధతి ఇది. వారానికి ఒక నిజమైన ఫైల్. అభ్యర్థి పేరు, హాల్ టికెట్ నంబర్ కప్పేసి జిరాక్స్ తీసి అందరికీ ఇస్తాం. టపాలో వచ్చిన దగ్గర్నుంచి డిస్పాచ్ అయ్యేదాకా దాని ప్రయాణం చూస్తాం. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఆ సీట్లో మనం ఉంటే ఏం రాసేవాళ్లం? పర్సనల్ రిజిస్టర్, వచ్చిన కాగితానికి వేసే కరెంట్ నంబర్, ఫైల్ ముగించేటప్పుడు వేసే డిస్పోజల్ ముద్ర అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి టోటెన్‌హామ్ కార్యాలయ పద్ధతి నుంచి వచ్చినవే. వాటిని రోజూ వాడుతున్నవాళ్లలో చాలామందికి ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాల్సిందనీ, డి.డిస్ అంటే పదేళ్లు ఉంచాల్సిందనీ ఎవరూ చెప్పలేదు. అలవాటుగా ఏదో ఒక ముద్ర వేసేవాళ్లు. చెప్పడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంట ఇన్నేళ్లలో ఎవరికీ దొరకలేదు.

నోట్ తెలుగులో రాయండి

మూడో వారం ఆ పేరు సవరణ ఫైలే తరగతిలో పెట్టాను. సీటు చూసిన అమ్మాయిని ముందే అడిగాను, "నీ ఫైల్ పెడుతున్నానమ్మా, ఇబ్బంది లేదుగా?" అని. ఒప్పుకుంది. అందరినీ నోట్, అంటే ఫైల్ మీద పై అధికారికి రాసే వివరణ, రాయమంటే పది నిమిషాల్లో దాదాపు ఒకే వాక్యం వచ్చింది: 'సబ్మిటెడ్ ఫర్ కైండ్ పెరూజల్ అండ్ ఆర్డర్స్ ప్లీజ్' (దయచేసి చూసి ఉత్తర్వులివ్వగలరు). అందులో అభ్యర్థి ఏం అడిగిందో లేదు, నిబంధన ఏమిటో లేదు, ఏం చేద్దామో లేదు.

అప్పుడు అర్థమైంది. మా సిబ్బందిలో చాలామంది తెలుగు మీడియంలో చదివినవాళ్లు. నోట్ ఇంగ్లీషులోనే ఉండాలన్నది రాతపూర్వకంగా ఎక్కడా లేదు, అది ఆనవాయితీ. ఇంగ్లీషులో తప్పులు పోతాయన్న భయంతో పాత నోట్‌లో నుంచి సురక్షితమైన వాక్యం తీసి దించేస్తున్నారు. ఆలోచన లేక కాదు, దాన్ని రాసే దారి లేక. "తెలుగులో రాయండి" అన్నాను. "తెలుగులో రాయొచ్చా సార్?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. దాదాపు అరవై ఏళ్ల తర్వాత ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ ఉద్యోగి ఆ ప్రశ్న అడగాల్సి రావడం నాకు బాధ కలిగించింది.

ఆ అమ్మాయి రాసిన నోట్ నా దగ్గర ఇప్పటికీ ఉంది.

'అభ్యర్థి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, 7వ పేజీ. ప్రవేశ సమయంలో మన రిజిస్టర్‌లో మొదటి అక్షరం మాత్రమే ఎక్కించారు, 11వ పేజీ. కాబట్టి ఇది పేరు మార్పు కాదు. మన నమోదులో జరిగిన పొరపాటు. అఫిడవిట్, గెజిట్ అడగనక్కర్లేదు. సవరణ ఫీజు కూడా మినహాయించవచ్చని ప్రతిపాదిస్తున్నాను.'

నాలుగు నెలలు కాపీ నోట్లు రాసిన మనిషే ఇది రాసింది. 'మార్పు', 'సవరణ' అన్న రెండు మాటల మధ్య తేడా పట్టుకుంది. పేరు మార్చుకున్నవాళ్లకు గెజిట్ కావాలి. పదో తరగతి మెమోలో ఉన్న పేరునే మేం తప్పుగా ఎక్కిస్తే, ఆధారం మా చేతిలోనే ఉంది. మా సెక్షన్‌లో ఈ రెండింటికీ ఒకే దరఖాస్తు ఫారం ఉండేది, గందరగోళానికి మూలం అదే. ఆ తర్వాత ఫారాన్ని రెండుగా విడదీశాం. దాని చిత్తుప్రతి ఆమే తయారుచేసింది. ఇప్పుడు మా నమోదు పొరపాటు అయిన కేసులు చాలావరకు ఒకే చుట్టులో పూర్తవుతున్నాయి.

ఒకరిద్దరు సూపరింటెండెంట్లు అభ్యంతరం చెప్పారు. ఆడిట్‌కి, కోర్టు కేసులకి ఇంగ్లీషు కావాలి కదా అన్నారు. ఆ మాటలో పస ఉంది. చివరికి కార్యాలయం లోపలి నోట్లు తెలుగులో రాయొచ్చని, విదేశాలకు, కోర్టులకు, యూజీసీకి వెళ్లే ఉత్తరాలు ఇంగ్లీషులో ఉండాలని తేల్చుకున్నాం. ఇంగ్లీషు ఉత్తరాల కోసం విడిగా ఎనిమిది తరగతులు నడిపాం. తెలుగులో విషయం స్పష్టంగా రాయగలిగాక ఇంగ్లీషు నేర్చుకోవడం తేలికైందని వాళ్లే చెప్పారు.

తెలుగులో రాయమంటే ఇంకో చిక్కు వచ్చింది. మా దగ్గర పాత తెలుగు ఉత్తరాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఒక కంప్యూటర్‌లో టైప్ చేసింది ఇంకో దాంట్లో తెరిస్తే పిచ్చి గీతలు. పోర్టల్‌లో పెడితే అసలు చదవలేం. అందుకే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ టైపింగ్ మీదే రెండు బుధవారాలు పెట్టాం. యాభై దాటినవాళ్లు కీబోర్డు కంటే ఫోన్లో మాట్లాడి టైప్ చేయించడానికి ఎక్కువ ఇష్టపడ్డారు. నాకు అభ్యంతరం లేదు, తప్పులు దిద్దుకుంటే చాలు.

రికార్డ్ రూమ్

ఇంతవరకు నేర్పింది ఎక్కువగా నేనూ, అకౌంట్స్ సూపరింటెండెంటూ. ఆ తర్వాత మా రికార్డ్ అసిస్టెంట్ పాఠం చెప్పారు. మొత్తం కార్యక్రమంలో నాకు అన్నిటికంటే విలువైనది అదే.

ఆయన అటెండర్‌గా చేరి, ముప్పై ఏళ్లకు పైగా రికార్డ్ రూమ్‌లోనే ఉన్నారు. సిబ్బంది అందరికీ ఆయన 'బాబాయ్'. విద్యార్థుల మార్కులు ఎక్కించిన పాత టాబ్యులేషన్ రిజిస్టర్ ఏ సంవత్సరానిది కావాలన్నా కాసేపట్లో తెచ్చి పెడతారు. విదేశాల నుంచి డిగ్రీల నిజనిర్ధారణ కోసం వచ్చే ఉత్తరాలకు మేం జవాబివ్వగలుగుతున్నామంటే ఆయన వల్లే. ఎక్కడ ఏముందన్న లెక్క అంతా ఆయన తలలో ఉంది. ఇంకో తొమ్మిది నెలల్లో రిటైర్మెంట్. "బాబాయ్, మీరొక పాఠం చెప్పాలి" అంటే, "నేనా సార్? నాకేం వచ్చు?" అని మొహమాటపడ్డారు. తరగతి గదికి రానన్నారు, అందుకని మేమే రికార్డ్ రూమ్‌కి వెళ్లాం.

ఎర్ర గుడ్డలో కట్టిన ఒక రికార్డు కట్ట దించి, ముడి విప్పి చూపించారు. ముడి లాగితే చిక్కుపడకుండా ఒక్కసారిగా విడిపోయింది. "గట్టి ముడి వేస్తే తొందరలో ఎవరో కత్తెరతో కోస్తారమ్మా. తాడు పోతుంది, తర్వాత కట్ట వదులవుతుంది, కాగితాలు అంచుల దగ్గర నలుగుతాయి. నలిగినచోటే పురుగు పడుతుంది" అన్నారు. రిజిస్టర్ తెరిచేటప్పుడు అట్ట పట్టి లాగకూడదని, రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాలని చూపించారు. ఏ సంవత్సరంలో సప్లిమెంటరీ ఫలితాలు విడి రిజిస్టర్‌లో రాశారో, ఏ సంవత్సరం రిజిస్టర్ వరద నీళ్లలో తడిస్తే మళ్లీ ఎత్తి రాశారో చెప్పారు. అది ఏ ఫైల్‌లోనూ లేని చరిత్ర. జూనియర్ అసిస్టెంట్లు ఫోన్లు తీసి రికార్డు చేసుకున్నారు. గంటన్నర అనుకున్నది రెండున్నర గంటలైంది. చివర్లో అందరూ చప్పట్లు కొడితే ఆయన కళ్లు తుడుచుకున్నారు.

ఆ తర్వాత తొమ్మిది నెలలూ వారానికి రెండు రోజులు ఇద్దరు కుర్రాళ్లు ఆయన పక్కన కూర్చుని సూచిక తయారుచేశారు. సంవత్సరం, కోర్సు, అల్మరా, అర, కట్ట నంబర్, గమనిక. మామూలు ఎక్సెల్ షీటే. మా దగ్గర జరిగిన పనుల్లో ఇది ఆలస్యంగా మొదలైన పని. ఆయనకంటే ముందు రిటైరైన ముగ్గురి దగ్గర ఉన్న ఇలాంటి జ్ఞానం వాళ్లతోనే వెళ్లిపోయింది.

ల్యాబ్ అటెండర్ల తరగతులు కెమిస్ట్రీ విభాగంలో పెట్టాం. నీళ్లలోకే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు అన్నది అందరికీ తెలుసనే అనుకున్నాం. కొత్తగా వచ్చిన ఔట్‌సోర్సింగ్ కుర్రాడికి తెలియదు. 'వాళ్లు మన ఉద్యోగులు కాదు కదా, శిక్షణ మనమెందుకు ఇవ్వాలి' అని ఒక ప్రశ్న ఫైల్ మీదే వచ్చింది. సీసా పట్టుకునేది ఆ పిల్లాడే. ఆమ్లం చిందితే కాలేది అతని చెయ్యే. అదే రాశాను, అనుమతి వచ్చింది.

ఏవి పనిచేయలేదు

ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ శిక్షణ పూర్తిగా విఫలమైంది. సెలవుల, సర్వీసు రికార్డుల మాడ్యూళ్ల మీద మూడు రోజులు తరగతులు పెట్టాం. లాగిన్లు వచ్చింది ఐదు నెలల తర్వాత. అప్పటికి ఎవరికీ ఏదీ గుర్తులేదు, నాకూ లేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు లాగిన్ చేతికొచ్చిన వారంలోనే శిక్షణ, అదీ వాళ్ల సొంత సెలవు దరఖాస్తుతోనే.

ఫలితాల కాలంలో రెండు నెలలు తరగతులు ఆగిపోయాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు 26 మందిలో 11 మందే వచ్చారు. ఎందుకు రాలేదని ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. ఒక సీనియర్ అసిస్టెంట్ సూటిగా చెప్పాడు: "సార్, మీ తరగతి బాగుంటుంది. కానీ నా ప్రమోషన్‌కి అది పనికిరాదు. నాకు అకౌంట్స్ టెస్ట్ పాసవ్వాలి." ఆయన చెప్పింది న్యాయం. మా సర్వీసు నిబంధనల్లో పదోన్నతికి సీనియారిటీ, డిపార్ట్‌మెంటల్ టెస్ట్ తప్ప దేనికీ విలువ లేదు. అధ్యాపకుడికి కోర్సు చేస్తే మెట్టు దొరుకుతుంది, గుమాస్తాకి సర్టిఫికెట్ దొరుకుతుంది.

అందుకని నెలకు రెండు బుధవారాలు, డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో ఒకటైన ఈ అకౌంట్స్ టెస్ట్‌కే ఇచ్చాం. అది పుస్తకాలు చూసి రాసే పరీక్ష. అయినా ఏళ్ల తరబడి తప్పుతూ ఉంటారు, ఎందుకంటే ప్రభుత్వ ఆర్థిక నిబంధనల పుస్తకమైన ఫైనాన్షియల్ కోడ్‌ని పరీక్ష రోజే మొదటిసారి తెరుస్తారు. అకౌంట్స్ సూపరింటెండెంట్ గారు వాళ్లకు విషయ సూచిక వాడడం నేర్పారు. ప్రశ్న చదివి, అందులో కీలకమైన మాట పట్టుకుని, ఆ ఆర్టికల్‌కి నిమిషంలోపు వెళ్లడం. ఆయన గడియారం పెట్టి మరీ సాధన చేయించారు. మొదటి దఫాలో తొమ్మిది మంది రాస్తే ఐదుగురు పాసయ్యారు. వాళ్లలో ఒకాయన ఆరోసారి రాసిన మనిషి. హాజరు మళ్లీ పెరిగింది. ఆ ఐదుగురూ పాసయ్యాక మానేస్తారనుకున్నాను. నలుగురు ఇప్పటికీ వస్తున్నారు, ఇద్దరు పాఠాలు చెబుతున్నారు.

అధికారులను రప్పించలేకపోయాను. కింద ఉన్నవాళ్లు కొత్త పద్ధతిలో నోట్ పెడితే, పైన ఉన్నవాళ్లు పాత అలవాటుగా, సందేహం ఏమిటో చెప్పకుండా 'మాట్లాడండి' అని మాత్రం రాసి వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయి. నేర్చుకున్న మనిషికి అంతకంటే నిరుత్సాహం ఉండదు. నా స్థాయిలో నేను చేయగలిగింది ఒక్కటే. నా బల్ల మీదికి వచ్చిన ఏ ఫైల్ మీదా 'మాట్లాడండి' అని రాయకూడదనుకున్నాను. సందేహం ఉంటే ప్రశ్నే రాస్తాను. ఈ మధ్య ఇద్దరు డిప్యూటీ రిజిస్ట్రార్లు కూడా అలా రాయడం మొదలుపెట్టారు.

కొత్తగా చేరేవాళ్ల విషయం ఇంకా మిగిలే ఉంది. కారుణ్య నియామకంలో వచ్చేవాళ్లు ఇంట్లో మనిషి పోయిన దుఃఖంతోనే వస్తారు. చేరిన రోజే సీటు అప్పగించకుండా, రెండు వారాలు టపాలో, రికార్డ్ రూమ్‌లో, కౌంటర్‌లో, అకౌంట్స్‌లో ఎవరో ఒకరి పక్కన కూర్చోబెట్టాలని ప్రతిపాదన పెట్టాం. ఆ రెండు వారాలూ డ్యూటీగానే లెక్కించాలని అడిగాం. నోట్ తెలుగులో ఉంది, ఒకటిన్నర పేజీ. రాసింది పేరు సవరణ సీటు చూసిన అమ్మాయే. తాను చేరిన రోజు ఏం జరిగిందో అందులో ఎక్కడా రాయలేదు. సీటువారీగా నేర్చుకోవాల్సిన పనుల జాబితా మాత్రం జతపరిచింది. ఆ ఫైల్ రిజిస్ట్రార్ గారి బల్ల దాటి ఫైనాన్స్ ఆఫీసర్ గారి పరిశీలనకు వెళ్లింది. వచ్చే నెలలో మా దగ్గర ఇద్దరు కొత్తవాళ్లు చేరబోతున్నారు. ఉత్తర్వులు అప్పటికి రాకపోతే, ఆ ఇద్దరినీ మొదటి బుధవారం నుంచే తరగతిలో కూర్చోబెట్టడానికి చార్ట్‌లో రెండు కుర్చీలు కలిపి పెట్టాం.